విడుదలకు ముందు ఎంత పరీక్షిస్తే చాలు? ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు మన మార్కెట్టులో చోటుందా?

ప్రశ్న: మధురవాడ టెస్టర్

మేము ఆరుగురం కలిసి విశాఖపట్నం మధురవాడలో అద్దెకు తీసుకున్న రెండు గదుల్లో, డెబియన్ 12 (కోడ్ అందరికీ బహిరంగంగా ఉండే, అంటే ఓపెన్ సోర్స్, లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) ఆధారంగా, కిరాణా దుకాణాలకూ మందుల దుకాణాలకూ పనికివచ్చే ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌ను పద్నాలుగు నెలలుగా తయారు చేస్తున్నాము. కంప్యూటర్ ఆన్ చేయగానే నేరుగా తెలుగు బిల్లింగ్ తెర వస్తుంది. థర్మల్ ప్రింటర్, బార్‌కోడ్ స్కానర్, ఎలక్ట్రానిక్ కాటా, కొనుగోలుదారుకు యూపీఐ క్యూఆర్ కోడ్ చూపించే రెండో తెర, ఇవన్నీ దుకాణదారు డ్రైవర్ల (పరికరాలను నడిపించే చిన్న ప్రోగ్రాముల) కోసం వెతుక్కోనక్కరలేకుండా పనిచేయాలన్నది మా ఉద్దేశం. గాజువాక, మద్దిలపాలెం, పెందుర్తి ప్రాంతాల్లో 23 కౌంటర్లలో ప్రస్తుతం ఇది ప్రయోగాత్మకంగా నడుస్తోంది. ఆరుగురిలో టెస్టింగ్ చూసేది నేనొక్కడినే. మిగిలిన ఐదుగురూ కోడ్ రాస్తారు, అంటే అయిదుగురు జల్లిన రాళ్లను ఒక్కడు ఏరాలన్నమాట.

మొన్న దసరా వారంలో మేము పంపిన ఒక అప్‌డేట్ వల్ల గాజువాకలోని ఒక దుకాణంలో పరువు పోయినంత పనయింది. ఆ కౌంటరుకు రెండు యూఎస్‌బీ ప్రింటర్లున్నాయి, ఒకటి బిల్లులకు, రెండవది ధర చీటీలకు. అప్‌డేట్ తరువాత యంత్రం రీస్టార్ట్ అయినప్పుడు కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లో హార్డ్‌వేరును నడిపే కేంద్ర భాగం) ఆ రెండింటినీ తారుమారు క్రమంలో గుర్తించింది. ఎల్‌పీ0 అనుకున్నది ఎల్‌పీ1 అయింది. మా ప్రోగ్రాము ప్రింటరును దాని క్రమసంఖ్యను బట్టే పిలుస్తుంది కనుక, బిల్లులన్నీ చీటీల ప్రింటరులో అంగుళం అంగుళం ముక్కలుగా వచ్చాయి. మా గదిలో ప్రతి యంత్రానికీ ఒకే ప్రింటరు ఉంది. అందువల్ల నా పరీక్షలన్నిటిలోనూ ఆ అప్‌డేట్ నెగ్గింది.

పెట్టుబడి పెట్టిన భాగస్వామి సంక్రాంతికి ముందే విడుదల చేయాలంటున్నారు. దుకాణాలు కొత్త సామాను కొనేది అప్పుడేనని ఆయన వాదన. నా జాబితాలో 61 బగ్గులు (దోషాలు) ఇంకా తెరిచే ఉన్నాయి. ఒకదానిని మూస్తే మరొకటి కనిపిస్తోంది. పెద్దలను నేను అడగదలచినవి రెండు. విడుదలకు ముందు పరీక్షించడం ఎక్కడ ఆపాలో తేల్చుకునే పద్ధతి ఏమైనా ఉందా? అసలు ఇంత పరీక్షించి విడుదల చేసినా, ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను డబ్బిచ్చి తీసుకునేవారు మన ఊళ్లో ఉంటారా, లేక అడవిలో వెన్నెల కాయిస్తున్నామా?

జవాబు: రుషికొండ పాతకాపు

టెస్టరు గారూ, పదిహేనేళ్లుగా నేను ఈ పనిలోనే ఉన్నాను. మీ ప్రశ్నలు రెండుగా కనిపిస్తున్నా, నా ఉద్దేశంలో వాటికి జవాబు ఒక్కటే. డెబియన్ ఎవరైనా ఉచితంగా దించుకోగలరు, మీ బిల్లింగ్ తెరలాంటిది మరొకరు ఆరు నెలల్లో రాసుకోగలరు. ఫలానా ప్రింటరు, ఫలానా కాటా, ఫలానా కెర్నల్ కలిసి ఒక కౌంటరులో ఏడాదిపాటు మొరాయించకుండా నడుస్తాయని పరీక్షించి చెప్పగలగడం, చెప్పినమాటకు పూచీపడటం మాత్రమే మీ దగ్గర అమ్మకానికి ఉన్న సరుకు. మీ పరీక్షే మీ సరుకు.

కలయికను పరీక్షించడం ఎందుకంత ముఖ్యమో చెప్పడానికి మీరు ఆధారపడుతున్న డెబియన్ 12 నుంచే ఒక ఉదాహరణ ఇస్తాను. 2023 డిసెంబరు 9న 12.3 విడుదల కావలసి ఉంది. అందులోకి వచ్చిన 6.1.64 కెర్నల్‌లో ఈఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టమ్ (డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతి)లోని సమాచారాన్ని పాడుచేసే దోషం బయటపడటంతో ఆ ఇన్‌స్టాల్ ఇమేజీలను ఆపివేసి, మరునాడే దిద్దిన కెర్నల్‌తో 12.4ను విడుదల చేశారు. ఆ దోషం పుట్టిన తీరు మనకు పాఠం. కొత్త కెర్నల్‌లో సరిగ్గా పనిచేస్తున్న ఒక దిద్దుబాటును పాత 6.1 శాఖలోకి తెచ్చారు, కానీ దానికి ముందు ఉండవలసిన మరో మార్పు ఆ శాఖలో లేదు. విడిగా చూస్తే దిద్దుబాటులో తప్పు లేదు, పాత శాఖలోనూ తప్పు లేదు. రెండూ కలిసినచోట తప్పు పుట్టింది. మీ రెండు ప్రింటర్ల కథ కూడా సరిగ్గా ఇదే జాతికి చెందినది.

ఇక 61 అనే అంకెను చూసి కంగారు పడవద్దు, అలాగని దానికి గౌరవమూ ఇవ్వవద్దు. డెబియన్‌లో ఎప్పుడూ వేలకొద్దీ బగ్గులు తెరిచి ఉంటాయి. విడుదలను ఆపగల స్థాయి ఉన్న బగ్గుల లెక్క మాత్రం వేరుగా ఉంటుంది, వారి చూపంతా దానిమీదే. అక్కడ ఒక ప్యాకేజీ ముందుగా అన్‌స్టేబుల్ అనే తొలి అంచెలోకి వస్తుంది. ఆ మార్పు ఎంత అత్యవసరమో దానిని బట్టి సాధారణంగా 2, 5 లేదా 10 రోజులు అక్కడ నలిగి, కొత్తగా అంత పెద్ద దోషమేదీ బయటపడకపోతేనే టెస్టింగ్ అనే తరువాతి అంచెలోకి వెళుతుంది. విడుదల దగ్గరపడే కొద్దీ తలుపులు ఒక్కొక్కటే మూస్తారు. డెబియన్ 13 విషయంలో 2025 మార్చి 15న మొదలైన ఫ్రీజ్ మెల్లమెల్లగా బిగుసుకుంటూ ఆగస్టు 9న విడుదలతో ముగిసింది. దాదాపు అయిదు నెలలపాటు కొత్తవాటికి దారి తగ్గించుకుంటూ ఉన్నవాటిని దిద్దుకున్నారు. ఫెడోరా అనే మరో లినక్స్ వారి పద్ధతి వేరు. ఏ దోషం ఉంటే విడుదల చేయకూడదో ముందుగానే కాగితం మీద పెట్టుకుని, చివరి వారంలో కూర్చుని వెళ్దామా వద్దా అని తేల్చుకుంటారు. ఇన్‌స్టాలరును తిరగరాసిన ఫెడోరా 18 ఈ గడప దాటలేక పలుమార్లు వాయిదాపడి 2013 జనవరిలో వచ్చింది.

మీరూ అలాంటి కాగితం ఒకటి ఈ రోజే రాసుకోండి, బగ్గుల జాబితా తెరవకముందే. బిల్లు లెక్క తప్పినా, వేసిన బిల్లు పోయినా, యంత్రం ఆన్ కాకపోయినా, ప్రింటు రాకపోయినా, అప్‌డేట్ తరువాత వెనక్కి వెళ్లే దారి లేకపోయినా విడుదల లేదు. మిగిలినవన్నీ విడుదల తరువాత దిద్దుకోదగినవే. జాబితా చూసిన తరువాత నియమాలు రాసుకుంటే, మనకు తెలియకుండానే మన బగ్గులకు తగినట్టు నియమాలను వంచుకుంటాము. నేను స్వయంగా చేసిన తప్పు ఇది.

పరీక్షల్లో మీరు అన్నిటికంటే ముందు చేయవలసినది కరెంటు పరీక్ష. హుద్‌హుద్ నాటి సంగతి వదిలేయండి, మామూలు వేసవి సాయంత్రం కూడా మన దుకాణాల్లో కరెంటు ఎన్నిసార్లు కన్నుకొడుతుందో మీకు తెలియనిది కాదు, అందరి యూపీఎస్‌లలోనూ బతికున్న బ్యాటరీ ఉండదు. బిల్లు ప్రింటవుతుండగా ప్లగ్ పీకండి. మళ్లీ పెట్టి, చివరి బిల్లు సంఖ్య సరిగ్గా ఉందో లేదో చూడండి. ఒకసారి చేస్తే లాభం లేదు, వందకు పైగా చేయాలి. ఈఎక్స్‌టీ4 జర్నల్ (మార్పులను ముందుగా రాసిపెట్టుకునే చిట్టా) ఫైల్ సిస్టమ్‌ను కాపాడుతుంది గానీ మీ చివరి బిల్లును కాపాడదు. ప్రోగ్రాము ప్రతి బిల్లుకూ ఎఫ్‌సింక్ (రాసినది వెంటనే డిస్కుకు చేర్చమనే ఆదేశం) పిలిచి, డిస్కుకు చేరిందన్న జవాబు వచ్చిన తరువాతే ప్రింటు ఇవ్వాలి. అప్పుడు కూడా కొన్ని చౌకరకం ఎస్‌ఎస్‌డీలు రాయకముందే రాశామని బొంకుతాయి. ఆ సంగతి ప్లగ్ పీకితే తప్ప బయటపడదు.

రెండవది, కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన యంత్రంమీద పరీక్షించి సంతోషపడవద్దు. దుకాణంలో ఉన్నది ఏడాది పాతబడి, డిస్కు నిండి, మధ్యలో రెండు అప్‌డేట్లు తప్పిపోయిన యంత్రం. అలాంటి దానిని మీ గదిలో ఒకటి పెంచండి. ఇన్‌స్టాల్ పరీక్షలను మాత్రం చేతితో చేయనక్కరలేదు. ఓపెన్‌సూసే అనే లినక్స్ వారి ఓపెన్‌క్యూఏ అనే పరీక్ష సాధనం వర్చువల్ యంత్రంలో (సాఫ్ట్‌వేరుతో అనుకరించిన కంప్యూటరులో) తెరను చూస్తూ, తానే బటన్లు నొక్కి, తేడా వస్తే చెబుతుంది. ఫెడోరా కూడా దానినే వాడుతుంది. అయితే వర్చువల్ యంత్రానికి ఉప్పుగాలి తగలదని గుర్తుంచుకోండి. 2017 అక్టోబరులో వచ్చిన ఉబుంటు అనే లినక్స్ 17.10 డెస్క్‌టాప్ ఇమేజీని ఆ డిసెంబరులో ఉపసంహరించవలసి వచ్చింది. కారణం ఒక ఇంటెల్ డ్రైవరు. దానివల్ల కొన్ని లెనోవో ల్యాప్‌టాప్‌లలో బయోస్ (యంత్రం ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రాము) అమరికలు భద్రం కాకుండా పోయేవి. అటువంటిది అసలు హార్డ్‌వేరు మీద తప్ప ఎక్కడా పట్టుబడదు.

మూడవది వేగం. ప్రతి వెర్షన్‌లోనూ బిల్లు బటన్ నొక్కినప్పటి నుంచి కాగితం తెగేదాకా ఎన్ని మిల్లీసెకన్లు పడుతోందో రాసిపెట్టుకోండి. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే ఫైళ్లను కుదించే లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దాచిన దొంగదారిని కనిపెట్టిన ఇంజినీరు ఆండ్రెస్ ఫ్రాయిండ్ భద్రతా పరీక్షలేవీ చేయలేదు. ఎస్‌ఎస్‌హెచ్ (దూరంనుంచి మరో యంత్రంలోకి వెళ్లే పద్ధతి) లాగిన్ అరసెకను ఆలస్యమవుతోందేమిటని ఆయన ఆరా తీశారు. అది అప్పటికే డెబియన్ టెస్టింగ్ దాకా వచ్చింది, స్థిర విడుదలలోకి చేరలేదు. దశలవారీగా పంపడంలోని మేలు అదే.

మీ 23 కౌంటర్లకూ ఒకేసారి అప్‌డేట్ పంపే అలవాటుంటే ఇవాళే మానుకోండి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే కంప్యూటర్ భద్రతా సంస్థ పంపిన ఒక్క ఫైలు సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలను పడగొట్టింది. మన విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. ముందుగా కొద్దిమందికి పంపి చూసే పద్ధతి ఆ రకం ఫైళ్లకు వారి దగ్గర లేదు. మీరు ముందు రెండు కౌంటర్లకు పంపి మూడు రోజులు ఆగండి.

సంక్రాంతి మాట. దుకాణదారుకు ఏడాదిలో ఊపిరాడని వారం అది. ఆ వారంలో ఆయన కౌంటరుమీద మీరు చేయి వేయడమే తప్పు, మీ సాఫ్ట్‌వేరు ఎంత బాగున్నా సరే.

జవాబు: డాబాగార్డెన్స్ హార్డ్‌వేర్ దుకాణం

పాతకాపు గారు చెప్పిన పరీక్షలమీద నాకు మాట లేదు. అయితే సిద్ధమైనప్పుడే విడుదల అన్న సిద్ధాంతానికి వ్యాపారంలో ఒక ఖరీదుంటుంది. 2002 జూలైలో డెబియన్ 3.0 వచ్చాక, 3.1 కోసం జనం 2005 జూన్ దాకా ఎదురుచూశారు. ఆ సందులో, 2004 అక్టోబరులో, అదే డెబియన్‌ను ఆధారం చేసుకుని ఆరు నెలలకొక విడుదల అన్న వాగ్దానంతో ఉబుంటు వచ్చింది, డెస్క్‌టాప్ వాడేవారిలో ఎందరినో తనవైపు తిప్పుకుంది. కనుక తేదీని ఎత్తివేయకండి. తేదీ అలాగే ఉంచి, సరుకు, అంటే ఆ విడుదలలో పెట్టే సదుపాయాలు, తగ్గించండి.

మార్కెట్టు గురించి నేను కౌంటరు అవతలినుంచి చూస్తున్నది చెబుతాను. మన దగ్గర ఉచితం అన్న మాటకు విలువ లేదు. ఎందుకంటే పోటీదారు ధర కూడా చాలాచోట్ల సున్నాయే. విండోస్ లేకుండా, ఉచిత ఫ్రీడాస్‌తో వచ్చే ల్యాప్‌టాప్ కొనుక్కుని, మెట్లు దిగకముందే దొంగ విండోస్ వేయించుకునే జనాన్ని నేను ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను. లైసెన్సు ఖర్చు మిగులుతుందని మీరు చెబితే వారు మీవైపు జాలిగా చూస్తారు. చెల్లించని ఖర్చు మిగలడమేమిటి?

లినక్స్ వద్దన్నవారెవరూ నాతో కెర్నల్ బాగాలేదని చెప్పలేదు. అకౌంటెంటు ట్యాలీ అడుగుతారు, అది విండోస్ కోసం రాసినది. ప్రింటింగ్ ప్రెస్సువారు ‘అను’ అనే పేరున్న తెలుగు ఫాంట్లు అడుగుతారు. పదిహేను, ఇరవై ఏళ్ల శుభలేఖలు, కరపత్రాలు పేజ్‌మేకర్‌లో ఆ ఫాంట్లలోనే ఉన్నాయి. అవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఒకటిగా ఉండే అక్షర సంకేతాల పద్ధతి) కావు గనుక మరోచోట తెరిస్తే పిచ్చిగీతలు కనిపిస్తాయి. ఆడిటరు డిజిటల్ సంతకం టోకెనుకు డ్రైవరు అడుగుతారు. ఈ మూడు గుమ్మాల దగ్గరే లినక్స్ ఆగిపోతోంది. మీ మేలు ఏమిటంటే బిల్లింగ్ కౌంటరుకు ఈ మూడింటిలో ఏదీ అక్కరలేదు. అందువల్ల డెస్క్‌టాప్ మార్కెట్టుతో పోటీకి దిగామని ఎక్కడా చెప్పకండి. అసలు ఆపరేటింగ్ సిస్టమ్ అన్న మాటే ఎత్తకండి.

ఈ రంగంలో ఓపెన్ సోర్స్ గెలిచిన చోట్లన్నీ చూడండి, కొనేవాడికి దాని పేరు కనబడదు. ఫోన్లలో ఆండ్రాయిడ్ కింద లినక్స్ కెర్నలే ఉంది. ప్రపంచంలోని తొలి 500 సూపర్ కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబరు నుంచి అన్నీ లినక్స్‌వే. రెడ్ హ్యాట్ అనే లినక్స్ సంస్థను 2019లో ఐబీఎం 3,400 కోట్ల డాలర్లకు కొన్నది. కోడ్ బహిరంగంగా ఉన్న సంస్థకు అంత ధర పలికిందంటే, అది ఆ కోడ్‌కు పూచీపడే మనుషులకు, ఏళ్ల తరబడి ప్యాచ్‌లు (దిద్దుబాట్లు) ఇస్తామన్న ఒప్పందాలకు పలికిన ధరే. డెస్క్‌టాప్‌లలో లినక్స్ వాటా మాత్రం, వెబ్ వాడకాన్ని కొలిచే స్టాట్‌కౌంటర్ లెక్కల్లో, 4 శాతం దాటడానికి 2024 దాకా పట్టింది. 2007లో వచ్చిన ఈఈఈ పీసీ అనే చిన్న ల్యాప్‌టాప్‌లు లినక్స్‌తోనే అమ్ముడుపోయాయి. మైక్రోసాఫ్ట్ పాత ఎక్స్‌పీని ఆ చిన్న యంత్రాలకు అందుబాటులో ఉంచగానే ఆ చోటు చేజారింది. మ్యూనిక్ నగర పాలక సంస్థ పదేళ్లు శ్రమించి సుమారు 15 వేల కంప్యూటర్లను లినక్స్‌కు మార్చి, 2017లో మళ్లీ విండోస్‌కు వెళ్లాలని తీర్మానించింది. సాంకేతిక కారణాలకంటే రాజకీయ కారణాలే ఎక్కువన్నవారూ ఉన్నారు. ఇప్పుడు అదే జర్మనీలో ష్లెస్విగ్ హోల్‌స్టైన్ రాష్ట్రం సుమారు 30 వేల కంప్యూటర్లతో అదే దారి పట్టింది. మనకు దగ్గరలో కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏళ్లుగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు మీదనే నడుస్తున్నాయి. అక్కడ అది నిలవడానికి కారణం ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చి, పాఠ్యపుస్తకాన్నీ ఆ సాఫ్ట్‌వేరునూ జతకట్టడం. సీడీగా పంచిపెట్టి ఊరుకుంటే నిలిచేది కాదు.

ఇక ఇప్పుడున్న అవకాశం. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, ఇంటెల్ అయితే ఎనిమిదవ తరం ప్రాసెసరు కావాలి. ద్వారకానగర్, గాజువాక దుకాణాల్లో ఉన్నవాటిలో చాలావరకు నాలుగు నుంచి ఏడవ తరం ఐ3 యంత్రాలు. అవి బాగానే పనిచేస్తున్నాయి, వాటిని పారేయడానికి యజమానికి మనసు రాదు. మీరు పాత పెట్టెకు ఎస్‌ఎస్‌డీ వేసి, ప్రింటరుతో సహా కౌంటరును అప్పగించి, ఏడాదికి ఇంత అని సర్వీసు తీసుకోండి. మీకు డబ్బు వచ్చేది ఫోన్ ఎత్తినందుకు. ఆదివారం సాయంత్రం ఏడు గంటలకు ఎత్తగలరా అన్నది మీ భాగస్వామిని అడగండి.

ఒక హెచ్చరిక కూడా. డెబియన్ 12 సాధారణ మద్దతు 2026 జూన్‌లో ముగుస్తుంది, ఆ తరువాత దీర్ఘకాల మద్దతు 2028 జూన్ వరకు ఉంటుంది. అయిదేళ్ల ఒప్పందం రాసేటప్పుడు ఈ తేదీలు మరచిపోకండి. సెంట్‌ఓఎస్ 8 అనే లినక్స్‌కు 2029 దాకా ఢోకా లేదనుకున్నవారికి 2020 డిసెంబరులో, మరుసటి ఏడాది చివరితోనే సరి అన్న కబురు వచ్చింది.

జవాబు: కళాశాల ల్యాబ్ ఇన్‌చార్జి

మీరందరూ ప్రింటర్లూ ప్లగ్గులూ అంటున్నారు గానీ, ఈ సిస్టమ్ తెలుగులో ఉంటుందన్నారు కదా, ఆ పరీక్ష ఎవరు చేస్తున్నారు? 2018 ఫిబ్రవరిలో ఐఫోన్‌కు ఎవరైనా జ్ఞా అన్న అక్షరానికి సంబంధించిన ఒక సంకేతాల వరుసను పంపితే చాలు, అది చూపబోయిన యాప్ కుప్పకూలేది. ఐఓఎస్ 11.2.6తో దిద్దారు. అంత పెద్ద సంస్థ పరీక్షల్లో కూడా మన సంయుక్తాక్షరం జారిపోయింది.

మీ బిల్లులో వస్తువు పేరుకు ఇన్ని అక్షరాలని హద్దు పెట్టి ఉంటారు. కందిపప్పు అన్న మాట యూనికోడ్‌లో 9 సంకేతాలు. ఏడవదాని దగ్గర కోస్తే కందిపప్ అని పొల్లుతో మిగులుతుంది. హద్దును బైట్లలో పెట్టి ఉంటే ఇంకా ఘోరం. యూనికోడ్‌ను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు కనుక, 20 బైట్ల హద్దులో ఆరు పూర్తిగా పట్టి, ఏడవది మధ్యకు విరుగుతుంది, అప్పుడు బిల్లుమీద ప్రశ్నార్థకం పడుతుంది. కోయవలసింది అక్షరం అంచున. లక్ష్మి, స్వాతంత్ర్యం, జ్ఞానేశ్వరి, నెయ్యి, క్షీరం, ఇటువంటి మాటలతో ఒక జాబితా పెట్టుకుని ప్రతి వెర్షన్‌లోనూ తెరమీదా కాగితంమీదా చూడండి. ఎందుకు రెండుచోట్లా అంటే, సాధారణ థర్మల్ ప్రింటర్ల లోపల తెలుగు ఫాంటు ఉండదు. బిల్లును బొమ్మగా మార్చి పంపుతారు. తెరమీద సరిగ్గా ఉన్నది అక్కడ ఒత్తులు తెగి రావచ్చు, పైగా నెమ్మదిస్తుంది.

టైపు చేసేవారిని కూడా మరవకండి. ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక ఒక్కటే ఇచ్చి ఊరుకుంటే, డీటీపీలో యాపిల్ అనే మరో అమరికకు చేయి అలవాటైనవారు మొదటి రోజే మీ కీబోర్డు పక్కన పెడతారు.

మధురవాడ టెస్టర్

అందరికీ కృతజ్ఞతలు. పాతకాపు గారు చెప్పినట్టు ముందు కాగితం రాసి, దానిమీద మా ఆరుగురి సంతకాలూ పెట్టించి, ఆ తరువాతే జాబితా తెరిచాను. 61లో విడుదలను ఆపదగినవి 7 తేలాయి. మిగిలినవాటిలో సగానికి పైగా, చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, రంగులు, బటన్ల అమరిక గురించినవి. ఇన్నాళ్లూ తేలికగా మూయగలిగినవే ముందు మూస్తూ వచ్చానని ఇప్పుడు తెలిసింది.

ప్లగ్ పరీక్ష రెండు రోజులు చేశాను. ఒక రకం ఎస్‌ఎస్‌డీ మీద 150 సార్లలో ఒక్క బిల్లూ పోలేదు. మేము చౌకగా వస్తున్నాయని కొన్న రెండో రకం మీద 150లో 4 సార్లు, ప్రింటయి కాగితం చేతికొచ్చిన బిల్లు డిస్కులో లేదు. ప్రోగ్రాము ఎఫ్‌సింక్ పిలుస్తూనే ఉంది. 23 కౌంటర్లలో 9 చోట్ల ఆ రకమే ఉంది. వాటిని మా ఖర్చుతో మారుస్తామని చెబితే భాగస్వామి ముఖం మాడింది. అయినా ఒప్పుకున్నారు.

కందిపప్పు బగ్గు మాలోనూ ఉంది, అచ్చంగా ల్యాబ్ మాస్టారు చెప్పినచోటే.

తేదీ విషయంలో డాబాగార్డెన్స్ గారి మాట పట్టుకుని రాజీ కుదిరింది. సంక్రాంతికి ముందే ప్రకటిస్తాము, ముందస్తు నమోదులు తీసుకుంటాము. కౌంటర్లమీద పెట్టడం ముక్కనుమ వెళ్లాక మొదలవుతుంది. కాటా మద్దతునూ, రెండో తెరనూ ఈ విడుదలనుంచి తీసేశాము. డెబియన్ 13కు ఇప్పుడే మారిపోదామని మావాళ్లలో ఇద్దరు పట్టుపడుతున్నారు. నాకు భయంగా ఉంది. మరొక సందేహం: ప్రింటర్లు తారుమారు కాకుండా యూడెవ్ (లినక్స్‌లో పరికరాలకు పేర్లు పెట్టే భాగం) నియమంతో సీరియల్ నంబరును బట్టి స్థిరమైన పేరు ఇస్తున్నాము. అది చాలునా?

జవాబు: రుషికొండ పాతకాపు

ముందుగా డాబాగార్డెన్స్ గారికి: తేదీ ఉంచి సరుకు తగ్గించమన్న మీ మాట నా మాటకంటే మెరుగైనది, ఒప్పుకుంటున్నాను.

13కు ఇప్పుడు మారవద్దు. మారితే మీరు ఇంతవరకు చేసిన పరీక్షలన్నీ వేరే సరుకుమీద చేసినవవుతాయి, కెర్నల్ 6.1 నుంచి 6.12కు వెళుతుంది, ప్లగ్ పరీక్ష దగ్గరనుంచి మళ్లీ మొదలు. ఈ విడుదల స్థిరపడ్డాక మార్చిలో ఒక్క యంత్రంమీద 13 పెట్టి, 12 నుంచి దానికి ఎదిగే దారిని పరీక్షించడం మొదలుపెట్టండి. కొత్తగా ఇన్‌స్టాల్ చేయడం సులభం, ఎదగడమే కష్టం. మీ కొనుగోలుదారులకు ఆ కష్టమైనదే కావాలి.

సీరియల్ నంబరు చాలదు. చౌకరకం ప్రింటర్లలో కొన్నిటికి సీరియల్ నంబరే ఉండదు, కొన్నిటిలో ఆ మోడల్ పెట్టెలన్నిటికీ ఒకటే ఉంటుంది. దుకాణదారు రెండూ ఒకే మోడల్ కొంటే మీ నియమానికి రెండూ ఒకటిగానే కనబడతాయి. యూఎస్‌బీ పోర్టు స్థానాన్ని బట్టి పేరు ఇవ్వండి, పోర్టుల పక్కన బిల్లు, చీటీ అని స్టిక్కర్లు అంటించండి. శుభ్రం చేసేటప్పుడు ఎవరో ఒకరు తీగలు మార్చి పెడతారు కనుక, యంత్రం ఆన్ కాగానే రెండు ప్రింటర్లలోనూ ఒక్కొక్క పంక్తి, ఇది బిల్లు ప్రింటరు, ఇది చీటీ ప్రింటరు అని తెలుగులో ముద్రించేలా చేయండి. రోజుకు రెండంగుళాల కాగితం ఖర్చు. తేడా ఉంటే మీకు ఫోన్ చేయకుండా ఆయనే తీగ మార్చుకుంటారు.

ఈ ఏర్పాటును ఒకే మోడల్ ప్రింటర్లు రెండు అద్దెకైనా తెచ్చి పరీక్షించండి. డాబాగార్డెన్స్ గారు రెండు రోజులకు ఇస్తారనుకుంటాను.

జవాబు: డాబాగార్డెన్స్ హార్డ్‌వేర్ దుకాణం

ఇస్తాను. అద్దె వద్దు. కాగితం చుట్టలు మాత్రం మీరే తెచ్చుకోండి.